నెత్తిమీది గాలి పొరలు - నేలమీది పంట

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేల గురించి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. రేగడో, చెల్కో కాలు పెట్టగానే తెలుస్తుంది. గాలికీ నేలలాగే పొరలున్నాయి. పంటను నిలబెట్టేదీ పడగొట్టేదీ చాలావరకు అదే కాబట్టి ఈవేళ దాని సంగతి మాట్లాడుకుందాం.

మనం పీల్చే గాలి ఉన్న అడుగు పొర ట్రోపోఆవరణం. ధ్రువాల దగ్గర దీని మందం 8 కిలోమీటర్లే. మన వైపు 16, 17 కిలోమీటర్లు ఉంటుంది. మొత్తం గాలి బరువులో ముప్పాతిక భాగం, నీటి ఆవిరి దాదాపు అంతా ఇందులోనే. వాన, పిడుగు, తుపాను అన్నీ ఇక్కడివే. పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. నేలమీద 40 డిగ్రీల ఎండ కాస్తున్న రోజు కూడా ఆరు కిలోమీటర్లు ఎక్కితే నీళ్లు గడ్డకట్టే చలి.

వడగళ్ల పుట్టుక అక్కడే. మార్చి, ఏప్రిల్‌లో నేల బాగా కాగి, సముద్రం నుంచి తేమ తోడైతే గాలి జోరుగా పైకి లేస్తుంది. పైన నీటిబొట్లు మంచుగడ్డలవుతాయి. ఎగదోసే గాలి వాటిని కింద పడనివ్వదు. మంచు పొర మీద పొర పేరుకుంటుంది. గాలి ఇక మోయలేనప్పుడు అవి మామిడి తోట మీదా, కోతకొచ్చిన వరి మీదా పడతాయి. ఆ మేఘం ఎంత ఎత్తు పెరిగినా ఒకచోట ఆగి, కమ్మరి దాగలిలా పక్కలకు పరుచుకుంటుంది. పైనున్న స్ట్రాటోఆవరణం దానికి మూత. అందులో ఎత్తుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది గనుక కింది గాలి దాన్ని దాటి పెద్దగా పోలేదు.

ఆ వేడికి కారణం ఓజోన్. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పట్టి ఉంచేది అదే. దాన్ని కాపాడుకోవడానికే 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. మనకూ ఇందులో పాత్ర ఉంది. పైరు తీసుకోలేని యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి, నూరేళ్లకు పైగా గాలిలో నిలిచి, పైకి చేరి ఓజోన్‌ను తింటుంది. కట్ట కోసం లైన్లో చెప్పులు పెట్టి కూర్చున్న రైతుకు ఈ మాట చెబితే కోపం వస్తుంది, న్యాయమే. కానీ వృథా అయ్యేది మన డబ్బే కదా.

50 కిలోమీటర్ల పైన మీసోఆవరణం. రాలే ఉల్కలు ఎక్కువగా మండిపోయేది అక్కడే. ఈ మూడు పొరలనూ తిరుపతి దగ్గర గాదంకి రాడార్ 1990ల నుంచి పరిశీలిస్తోంది.

అంత ఎత్తున గాలి కదలిక కొలవగలుగుతున్న దేశంలో, వడగళ్లకు పోయిన ఎకరం లెక్క మాత్రం తేలడం లేదు. వడగళ్లు సన్నటి పట్టీలాగా పడతాయి. ఒక పొలం నేలమట్టం, గట్టు అవతల ఆకు కూడా చిరగదు. నష్టం 33 శాతం దాటితేనే పెట్టుబడి సాయం. 2022లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరానికి ఏడు వేలు నిండవు. అదైనా పట్టాదారు పేరున పోతే కౌలురైతుకు మిగిలేది అప్పే.

అందుకని ఫసల్ బీమా అమలున్న చోట 72 గంటల్లోగా నష్టం తెలియజేయండి. చేలో నిలబడి ఫొటో తీయండి. ఎన్యూమరేషన్‌కు వచ్చినవారితో సాగుదారు పేరే రాయించండి. రాయకపోతే సర్వే నంబరుతో సహా మండల కమిటీకి చెప్పండి, కలిసి వెళ్లి అడుగుదాం.

పిడుగు మాట మరవద్దు. మెరిశాక ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినబడితే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా పొలంలోకి దిగొద్దు.