బరువైన మనిషి, తేలికైన సైకిలు



ఎద్దుల బండి కొనునప్పుడు మన పెద్దలు మొదట అడుగు మాట “ఈ బండి యెంత తేలిక?” అని కాదు, “ఈ బండి యెన్ని బస్తాలు మోయును?” అని. ఇరుసును చూతురు. చక్రపు ఆకులను ఒక్కొక్కదానిని తట్టి చూతురు. ఆ తరువాతనే, ఎద్దులకు భారమగునా కాదా యని విచారింతురు. ఈ వివేకము బండిబేరములో మనకు పుట్టుకతో వచ్చినట్లుండును గాని, సైకిలు బేరములో ఏలనో జ్ఞప్తికి రాదు. నేటి నా ప్రసంగము దానిని గూర్చియే.

నేను పేట్ బషీరాబాద్ నివాసిని. హైదరాబాదునుండి మేడ్చల్ మీదుగా నాగపూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి మా ముంగిటనే సాగుచున్నది. ఒకప్పుడిది పల్లె; నేడు నగరము దీనిని కలుపుకొని కొంపల్లి దాటి పోయినది. అయినను రహదారి విడిచి మేడ్చల్, షామీర్‌పేట పల్లెలవైపు తిరిగినచో మొరము బాటలు, చెరువు కట్టలు, నల్లరాతి గుండ్ల నడుమ ఎత్తుపల్లములు ఇంకను మిగిలియున్నవి. ఇట్టి నేలపై తిరుగుటకే మౌంటెన్ సైకిలు పుట్టినది. దానికి చిన్న మోటారును, బ్యాటరీని చేర్చినచో విద్యుత్తు మౌంటెన్ సైకిలగును. త్రొక్కువాడు త్రొక్కుచునే యుండవలెను. మోటారు అతనికి తోడు పట్టును. ఇద్దరు కలిసి మోట తోలినట్లన్నమాట.

నా శరీరభారము 104 కిలోలు. దీనిని చెప్పుకొనుటకు సిగ్గుపడు కాలము నాకు గడచినది. కొంతకాలము క్రిందట వైద్యుడు నన్ను పరీక్షించి, శరీరమునకు శ్రమ కావలెననియు, మోకాళ్ళు నొచ్చుచున్నవి గనుక నడకకంటె సైకిలు మేలనియు చెప్పెను. సైకిలుపై శరీరభారములో పెద్ద పాలును సీటు వహించును. మోకాలికి ఊరట కలుగును. నేను అంగడికి పోతిని. అమ్మువాడు ఒక సైకిలును ఒంటిచేత్తో పైకెత్తి చూపి, “చూడండి, 19 కిలోలే!” అనెను. నేనును ఎత్తి చూచితిని. సంతోషించితిని. కొంటిని.

నెలన్నర గడచినది. ఒక ఉదయము షామీర్‌పేట పక్కనుండి రాళ్ళబాటను వచ్చుచుండగా వెనుక చక్రములో టంగుమని చప్పుడైనది. ఒక స్పోకు తెగినది. పావుగంటలో ఇంకొకటి, మరియొకటి. చక్రము వంకరపోయి చట్రమునకు రాసుకొనసాగినది. ఎండలో దానిని ఎత్తుకొనియు, ఈడ్చుకొనియు నడచితిని. దారిలో నవ్వినవారును లేకపోలేదు. “నా ఒడలే ఇట్టిది, నాకీ సైకిలు తగదు” అని మనసులో నిశ్చయించుకొంటిని. పంక్చరు దుకాణములోని పనివాడు చక్రమును చూచి, నన్ను చూచి, “సారూ, తప్పు మీ ఒంటిది కాదు, మీ ఒంటికి తగని చక్రానిది” అనెను. ఆ ఒక్క మాట లేకున్నచో నేను మరల సైకిలు ఎక్కియుండను.

ఇంటికి వచ్చి సైకిలుతో ఇచ్చిన పత్రమును మొదటిసారి చదివితిని. అందు మొత్తము భారము 120 కిలోలకు మించరాదని స్పష్టముగా నున్నది. మొత్తము భారమనగా మనిషి బరువు మాత్రమే కాదు. మనిషి, సైకిలు, సంచి, నీటిసీసా, పనిముట్లు అన్నియు కలిపిన తూకము. నేను 104, దుస్తులును సామగ్రియు 4, సైకిలు 19, వెరసి 127. అనగా పరిమితిని 7 కిలోలు దాటి నెలన్నర తిరిగితిని. కొందరు తయారీదారులు త్రొక్కువాని బరువును వేరుగా వ్రాయుదురు, కొందరు మొత్తమును వ్రాయుదురు. ఏది వ్రాసినారో తెలిసికొనక పైకము చెల్లింపరాదు.

తేలికదనము వలన లాభమెంతయో ఇప్పుడు లెక్క చూతము. 19 కిలోల సైకిలుకు బదులు 24 కిలోలది తీసికొన్నచో నా మొత్తము 132 కిలోలగును. నూటికి 5 పాళ్ళు ఎక్కుడుగల బాటపై, గంటకు 12 కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు 132 కిలోలకు కావలసిన శక్తి, గాలి యొక్కయు నేల యొక్కయు నిరోధము గాక, ఇంచుమించు 216 వాట్లు. 127 కిలోలకు 208 వాట్లు. భేదము 8 వాట్లు. నూటికి నాలుగు పాళ్ళయినను లేదు. అదే 60 కిలోల మనిషికి ఆ 5 కిలోల భేదము నూటికి ఆరు పాళ్ళకు దరిదాపగును. కావున తేలిక సైకిలువలన ఎక్కువ లాభము పొందువాడు తేలిక మనిషి. తక్కువ లాభము పొందువాడు బరువైన మనిషి. ఆ స్వల్ప లాభముకొరకు చక్రమును, బ్రేకును పలుచన చేసికొనుట బరువైనవానికే ఎక్కువ ప్రమాదము. నేను చెప్పదలచిన ముఖ్యాంశమిదియే.

మరి వరుసగా చూడవలసిన వేమి?

మొదటిది వెనుక చక్రము. కూర్చున్నవాని బరువులో ఎక్కువ పాలు దానిమీదనే పడును. మన ఊళ్ళలో పాలబిందెలు, గడ్డిమోపులు మోసిన పాత నల్ల సైకిలును తలచుకొనుడు. దాని ముందు చక్రమునకు 32 స్పోకులు, వెనుక చక్రమునకు 40. ఆ ఎనిమిది అదనపు స్పోకులు అలంకారముకొరకు పెట్టినవి కావు. నేటి మౌంటెన్ సైకిలుకు బరువైన మనిషి వెనుక 32 స్పోకులకు తక్కువ గల చక్రమును కోరరాదు. 36 దొరకినచో మరింత మేలు. కొన్న నెల దినములలోపల స్పోకుల బిగువును ఒకసారి సరిచేయించుకొనవలెను. క్రొత్త చక్రము కొంత సడలుట సహజము.

రెండవది టైరు. 2.4 అంగుళముల దరిదాపు వెడల్పు గల టైరు రాళ్ళబాటకు తగును. గాలి తక్కువైనచో రాతికి తగిలి రిమ్ము నొక్కుకొనును. మరీ ఎక్కువైనచో సైకిలు గెంతులిడును. టైరు ప్రక్కన ముద్రించిన హద్దులలోపల, బరువైనవాడు వెనుక చక్రమున కొంచెము హెచ్చు గాలి ఉంచుకొనవలెను. మన చెరువు కట్టలపై తుమ్మముండ్లకు కొదువలేదు గదా! ట్యూబు లేని టైరులో చిన్న రంధ్రములను తానే పూడ్చుకొను ద్రవము పోయించినచో సగము చిక్కులు తీరును. ముందుచక్రపు గాలి స్ప్రింగు విషయమును ఇట్టిదే: మనము కూర్చున్నప్పుడు అది తన నిడివిలో ఆరవ వంతు మొదలు నాలుగవ వంతులోపు దిగవలెను. అనుమతించిన పూర్తి గాలి కొట్టినను ఇంకను క్రుంగినచో, ఆ సైకిలు మన బరువునకు తగినది కాదు.

మూడవది బ్రేకు. ఎక్కుటకు ఎంత శక్తి వెచ్చించితిమో, దిగునప్పుడు అందులో చాల భాగము వేడియై బ్రేకుమీద పడును. భారము హెచ్చిన కొలది వేడియు హెచ్చును. అమెరికాలోని కాలిఫోర్నియాయందు మారిన్ ప్రాంతపు యువకులు 1976లో పాత బరువు సైకిళ్ళతో ఒక కొండబాటను దిగు పందెములు మొదలిడిరి. దిగులోపల వెనుక చక్రపు నాభిలోని బ్రేకు కాగి, గ్రీజు పొగయై పోయెడిది. దిగిన పిమ్మట మరల గ్రీజు నింపవలసి వచ్చెడిది. అందుచేతనే ఆ పందెమునకు ‘రీప్యాక్’, అనగా మరల నింపుట, అను పేరు వచ్చినది. మౌంటెన్ సైకిలు పుట్టుకలో తొలి పాఠములలో బ్రేకు ఒకటి. కాబట్టి నూనె వత్తిడితో పనిచేయు డిస్కు బ్రేకులు, 200 మిల్లీమీటర్ల దరిదాపు వెడల్పు గల పళ్ళెములు బరువైనవానికి విలాసము కాదు, అవసరము. నిలుపలేని బండిని నడుపుట యెవరికిని గౌరవము కాదు.

నాలుగవది మోటారు. వెనుక చక్రపు నాభిలో ఇమిడిన మోటారు ఒక విధము. పెడళ్ళ నడుమ ఉండునది రెండవ విధము. చదును నేలపై మొదటిది చాలును, ధరయు తక్కువ. కాని బరువైన మనిషి నిటారు బాటను మెల్లగా ఎక్కునప్పుడు అది నెమ్మదిగా తిరుగుచు త్వరగా వేడెక్కును. నడిమి మోటారు గేర్లను ఉపయోగించుకొనును గనుక తేలికగా ఎక్కించును. అయితే గొలుసు త్వరగా అరుగును, దానిని మార్చుచుండవలెను. మోటారుయొక్క త్రిప్పుడు బలమును న్యూటన్ మీటర్లలో కొలుతురు. మీటరు పొడవు గల కఱ్ఱ కొనకు 5 కిలోల బరువు వ్రేలాడదీసినచో మొదలువద్ద కలుగు బలము దాదాపు 50 న్యూటన్ మీటర్లు. 2022లో తేలిక సైకిళ్ళలో వచ్చిన టీక్యూ వారి చిన్న మోటారు బలము 50. గట్టి ఎక్కుళ్ళకై బాష్ వారు విడుదల చేసిన మోటారు బలము 85. తేలిక మోటారు చెడ్డది కాదు; తేలిక మనిషికి అది చాలును. బరువైనవానికి ఎక్కుడు మధ్యలో ఆగి మరల బయలుదేరునప్పుడు ఆ భేదము తెలిసివచ్చును.

ఇచ్చట చట్టము మాటయు చెప్పవలెను. మన కేంద్ర మోటారు వాహన నియమములనుబట్టి, మోటారుయొక్క అరగంట శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోబడి యుండి, తక్కిన నిబంధనలకు సరిపోయిన సైకిలు మోటారు వాహనముగా ఎంచబడదు, రిజిస్ట్రేషను అక్కరలేదు. అట్టి ఆమోదమున్నదని అమ్మువానిని వ్రాతమూలముగా చూపుమని అడుగుడు. మరియు హైదరాబాదు చుట్టునున్న ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గముపై ద్విచక్రములకు ప్రవేశము లేదు. ప్రక్కనున్న సర్వీసు రోడ్డునే పోవలెను.

అయిదవది బ్యాటరీ. దానిలోని నిలువను వాట్ అవరులలో చెప్పుదురు; వోల్టులను ఆంపియర్ అవరులతో గుణించిన అది వచ్చును. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవరులు అయినచో 360. 132 కిలోలను 100 మీటర్ల ఎత్తునకు చేర్చుటకు, నష్టములేవియు లేనిచో, 36 వాట్ అవరులు పట్టును. నేల రాపిడిలోను, మోటారు వేడిలోను పోవునది దానిపై అదనము. మన కాళ్ళు ఇచ్చునది అందులో తగ్గింపు. అంగడిలో చెప్పు దూరము తేలిక మనిషి, చదును నేల లెక్క కావచ్చును. మనము దానిని నమ్మి దూరము పోరాదు. బ్యాటరీని దానితో వచ్చిన ఛార్జరుతోనే నింపవలెను. ఎండలో విడువరాదు. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే గాక, చల్లారిన పిమ్మట తగిలింపవలెను. రాత్రి అందరు నిద్రించునప్పుడు గడపకు అడ్డముగా పెట్టి నింపుట ఎన్నడును కూడదు; నిప్పు పుట్టినచో బయటికి పోవు దారి అదియే గదా!

చివరకు తేలికదనము. దానికిని తావు కలదు. మేడమెట్లు ఎక్కింపవలసినవానికి, కారు వెనుక తగిలింపవలసినవానికి, బ్యాటరీ అయిపోయి నెట్టుకొని రావలసినవానికి ప్రతి కిలోయు తెలియును. కావున పై అయిదు పరీక్షలలో నెగ్గిన సైకిళ్ళలో తేలికైనదానిని ఎన్నుకొనుడు. తేలికైనవానిలో గట్టిదానిని వెదకుట కాదు. గట్టివానిలో తేలికైనదానిని వెదకుట. మాటలు తారుమారైనచో ఫలమును తారుమారగును.

ఈ వరుసననుసరించి నేను రెండవమారు తీసికొన్న సైకిలు 24 కిలోలు. దాని పత్రమున 150 కిలోల హద్దు వ్రాసియున్నది. నా మొత్తము 132. ఇంకను 18 కిలోల వెసులుబాటు కలదు. కొనుటకు ముందు అంగడి నేలపై గాక, గులకరాళ్ళ ఎక్కుడుపై ఒకసారి నడిపి చూచితిని. దిగునప్పుడు రెండు బ్రేకులును పట్టి చూచితిని. ఎత్తుట కష్టమే. కాని నేను సైకిలును ఎత్తుటకు కొనలేదు. అది నన్ను మోయుటకు కొంటిని.

పెద్దలారా, మీ యిండ్లలో లావుగానున్న కొడుకో, కూతురో, మనుమడో ఉండవచ్చును. వారు సైకిలు ఎక్కబోయినప్పుడు ఊరిలో ఎవరో ఒకరు నవ్వుదురు. చక్రము వంగినచో ఆ నవ్వు రెట్టింపగును, వారు ఇక ఇల్లు కదలరు. మీరు నవ్వువారితో చేరక, అంగడికి వారి వెంట పోవుడు. బండి బేరములో అడిగిన మాటనే సైకిలు బేరములోను అడుగుడు: “ఇది యెంత మోయును?” అని. దానికి జవాబు వ్రాతలో చూపలేనివాని సరకు ఎంత తేలికయైనను, అచ్చటనే విడిచి రండు.