నియమం రాతలో ఉండాల

(నంద్యాల, ఆళ్ళగడ్డలలో డిగ్రీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు కూడిన సభల్లో ఒక తెలుగు అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట భూమి గురించి కాదు, తరగతి గది గురించి మాట్లాడదామని వచ్చినాను. తరగతి గదికీ మన గేరికీ ఏం సంబంధం అని పెద్దోళ్ళు అనుకోవచ్చు. సంబంధం ఉంది. పనిలోకి దిగేముందు కూలి రేటు తేల్చుకోకుంటే సాయంత్రం ఏమైతాదో మీకు తెలుసు. ఆసామి ఎంతిస్తే అంత. కాలేజీలోనూ అంతే. వ్యాసం ఏ రోజుకు ఇయ్యాల, ఎన్ని రోజులు రాకుంటే పరీక్షకు కూచోనియ్యరు, మార్కులు దేన్ని చూసి వేస్తారు – ఇవి మొదటి రోజే తేలకపోతే సెమిస్టర్ చివర సారు ఎంతిస్తే అంత. నోటిమాటగా ఉన్న నియమం బలమున్నోడికి చుట్టం. రాతలో ఉన్న నియమం బలం లేనోడికి ఆసరా. ఈ సంగతి ఎరిగినవాడు గనకనే బాబాసాహెబ్ మన హక్కుల్ని ఒకరి దయకు వదలకుండా రాజ్యాంగంలో రాయించినాడు.

2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ జనరల్ తెలుగు సిలబస్ మార్చినప్పుడు మూడో సెమిస్టర్ పేపరుకు 'సృజనాత్మక రచన' అని పేరు పెట్టినారు. పిల్లలతో కవిత, కథ, వ్యాసం రాయించాలని ఉద్దేశం. మంచిదే. తరాల తరబడి మన చేతికి అక్షరం అందకుండా చేసిన సమాజం ఇది. ఇప్పుడు మన పిల్లను సొంతంగా రాయమంటోంది. అయితే ఆ పిల్ల రాసినదాన్ని ఏ కొలతతో కొలుస్తారు? అసలు ప్రశ్న అక్కడుంది.

మొదట భాష. 'మా అమ్మ పత్తి తీయను పోతాది' అని ఒక పిల్ల రాసిందనుకోండి. ఎర్ర సిరాతో 'గ్రామ్యం' అని రాసి మార్కు కోస్తారు. ఆ వాక్యంలో తప్పేముంది? అమ్మ ఉంది, పని ఉంది, నిజముంది. ఈ తగాదా కొత్తది కాదు. 1910 తర్వాత మద్రాసు యూనివర్సిటీ కింద చదివే పిల్లలు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వ్యావహారికంలో రాయాలా అని పెద్ద వాదం నడిచింది. కమిటీ వేసినారు. గ్రాంథికం వైపు జయంతి రామయ్య పంతులు, వ్యావహారికం వైపు గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు నిలబడినారు. గురజాడ 1914లో తన అసమ్మతిని పత్రంగా రాసిచ్చినాడు. ఆ రోజు ఓడినా తర్వాత కాలంలో వ్యావహారికమే గెలిచింది. కానీ గెలిచింది ఎవరి వ్యావహారికం? చదువుకున్న పై కులాల ఇళ్ళలోని శిష్ట వ్యావహారికం. మన మాట గుమ్మం బయటే నిలబడింది.

జాషువా 1941లో 'గబ్బిలం'తో పండితుల పద్యాన్నే చేతబట్టి, మాకిది రాదనేవాళ్ళ నోరు మూయించినాడు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం దళిత కవుల గొంతుల్ని ఒక్కచోట నిలబెట్టింది. అంటే రెండు దార్లూ మనవే. అందుకే నా తరగతిలో నేను పెట్టుకున్న నియమం ఇది: తహసీల్దారుకు అర్జీ రాస్తే ఆఫీసు భాషలో రాయాల, అమ్మ గురించి రాస్తే అమ్మ భాషలో రాయొచ్చు. ఒత్తు తప్పితే, అక్షరం తప్పితే దిద్దుతా. యాసను తప్పని కొట్టేయను. ఒత్తులు దిద్దితే మన పిల్లలు కూడా చిన్నబోగూడదు. అక్షరదోషం ఆత్మగౌరవం కాదు.

దిద్దడం వేరు, మార్చమనడం వేరు. 1936లో లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు అంబేద్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, రాసిన ప్రసంగంలో కొన్ని సంగతులు తీసేయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. సభే రద్దయింది. ఆయన ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చేయించినాడు. అదే 'కులనిర్మూలన'. వాక్యం సరిచేసుకోమంటే వినండి. గేరి సంగతి ఎందుకు, వెన్నెల గురించి రాయమంటే మాత్రం ఎందుకని అడగండి.

రెండోది హాజరు. 75 శాతం ఉండాల. సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుంటే 68 రోజులు రావాల, 22 రోజులే తప్పొచ్చు. ఇక్కడ కేసీ కాలువ కింద నాట్లు, నల్లరేగడిలో పత్తి తీత, శనగ కోత వస్తే మన ఇళ్ళలో 22 రోజులు ఎంతలో అయిపోతాయి? వాన పడి బస్సు రాని రోజూ అందులోదే. అమ్మానాన్నలారా, ముఖ్యంగా ఆడపిల్ల తల్లులారా, బిడ్డను చేనికి తీసకపొయ్యే ముందు 'ఇంకెన్ని రోజులు మిగిలినాయి?' అని అడగండి. ఆ రోజు కూలి కోసం ఒక సెమిస్టర్, స్కాలర్‌షిప్పు పోగొట్టుకోవద్దు. కాలేజీ కూడా నెల నెలా హాజరు లెక్క గోడకు అంటించాల. చివరి వారంలో చెబితే ఎవరు దిద్దుకోగలరు?

మూడోది కాపీ. గైడు చూసి దించడం పాత పద్ధతి. ఇప్పుడు ఫోన్లో అడిగితే వ్యాసం క్షణంలో వచ్చేస్తాంది. 'మా ఊరు' అని రాయమంటే ఫోను పచ్చని పొలాలు, పక్షుల కిలకిలలు రాసిస్తాది. ఆ ఊర్లో మాదిగగేరి ఉండదు, మాలగేరి ఉండదు. నీళ్ళ కాడ జరిగిన గొడవ ఉండదు. మన గురించి మనం రాసుకునే అవకాశం ఇన్ని తరాలకు దొరికితే దాన్ని మళ్ళీ ఇంకొకరి చేతిలో పెడతామా? ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటా. దించి తెస్తే తిరిగి రాయిస్తా. అయితే మొదటిసారి దొరికితే ఏంది, రెండోసారి దొరికితే ఏంది అనేది ముందే రాసి చెబుతా. పేదోడి బిడ్డకొక శిక్ష, పెద్దోడి బిడ్డకొక మందలింపు ఉండగూడదు.

నాలుగోది మార్కులు. యూనివర్సిటీ పేపరు ఎవరిదో దిద్దేవాళ్ళకు తెలియదు. కాలేజీ చేతిలో ఉండే ఇంటర్నల్ మార్కులకు ఆ తెర లేదు. పేరు కనపడతాది, పేరు వెనక కులం కనపడతాది. కాబట్టి వ్యాసం మీద పేరు లేకుండా నంబరుతో దిద్దాల. విషయానికి ఎన్ని, వాక్యానికి ఎన్ని, అక్షరదోషాలకు ఎన్ని అని విడగొట్టి చెప్పాల. దిద్దిన కాగితం తిరిగి చేతికియ్యాల. స్కాలర్‌షిప్పు కాగితాల కోసం 'ఎస్సీ వాళ్ళు లేచి నిలబడండి' అని తరగతిలో అరిచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. 2012లో యూజీసీ ఇచ్చిన సమానత్వ నిబంధనలు కులం పేరుతో విద్యార్థికి ముద్ర వేయడాన్ని వివక్షగానే లెక్కగట్టినాయి. ప్రతి కాలేజీలో సమాన అవకాశాల విభాగం, వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలన్నాయి. ఆ అధికారి ఎవరో మీ కాలేజీలో అడిగినారా?

ఇక విద్యార్థుల బాధ్యత. అడిగే హక్కు కావాలంటే చేసే పని చెయ్యాల. చెప్పిన రోజుకు రాత తీసకరండి. కుదరకపోతే గడువు దాటినాక కాదు, ముందు రోజే చెప్పండి. తోటివాడు చదువుతుంటే నవ్వొద్దు. గేరి పిల్ల తన రాతను గట్టిగా చదవడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుంటాదో మీకు తెలుసు. వారానికి ఒక్క పేజీ అయినా సొంతంగా రాయండి.

ఆళ్ళగడ్డ శిల్పులు రాయి మీద ముందు గీత గీసుకొని తర్వాతే ఉలి పెడతారు. చెక్కినాక కొలత మార్చరు. కాలేజీని మనం అడిగేదీ అంతే. సెమిస్టర్ మొదటి వారంలోనే పదిమంది కలిసి పోయి, నియమాలు కాగితం మీద రాసి గోడకు పెట్టమని అర్జీ ఇయ్యండి. ఒక్కరు పోతే పొగరంటారు, పదిమంది పోతే వినక తప్పదు. తల్లిదండ్రులు కూడా సెమిస్టర్‌కు ఒక్కసారైనా కాలేజీ గడప తొక్కండి. చదువు రాదని వెనక్కి తగ్గొద్దు. ఆ కాగితం అక్కడ ఉందో లేదో చూడ్డానికి చదువు అక్కర్లేదు. ఉంటే, మీ బిడ్డే మీకు చదివి వినిపిస్తాది.

జై భీమ్!