అమ్మోనియా మంచిదా చెడ్డదా - మా బావమరిది ప్రశ్న
(వైశాలిలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు సైన్సు విషయం ఏదైనా మాట్లాడమన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. సర్వీసంతా ఆర్మీ సర్వీస్ కోర్‌లో పెట్రోలు, డీజిలు, కిరోసిన్ లెక్కలతో గడిచిపోయింది. ఇంధనం గురించయితే రెండు ముక్కలు చెప్పగలను అన్నాను.

అసలు కారణం వేరే ఉంది. మొన్న కాకినాడ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాళ్ళ ఇల్లు వాకలపూడి వైపు. "బావగారూ, పాత నాగార్జున ఎరువుల ఫ్యాక్టరీలో ఇంధనం కోసం అమ్మోనియా తయారు చేస్తారంట. ఇల్లు అమ్మేయమంటారా, ఉంచమంటారా?" అని అడిగాడు. వెనక నుంచి వాడి కొడుకు "మామయ్యా, అమ్మొద్దని చెప్పండి, ఉద్యోగాలొస్తాయి" అని కేకలు. ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు. దేశంలోనూ పరిస్థితి ఇదే అనుకుంటాను.

ముందు సంగతి చెబుతాను. అమ్మోనియాలో నైట్రోజన్, హైడ్రోజన్ తప్ప కర్బనం లేదు. కాబట్టి మండిస్తే బొగ్గుపులుసు వాయువు రాదు. సుమారు మైనస్ 33 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది, ఓడలో పోసి పంపొచ్చు. 1943లో డీజిల్ దొరక్క బెల్జియంలో బస్సులు దీనితో నడిపారు. జపాన్‌లో హెకినాన్ అనే చోట 2024లో బొగ్గు కరెంటు ప్లాంటులో 20 శాతం అమ్మోనియా కలిపి మండించి చూశారు.

కానీ మామూలుగా అమ్మోనియా సహజవాయువు నుంచి తీస్తారు. టన్ను తయారీకి సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి ఆ హైడ్రోజన్‌తో చేస్తేనే 'గ్రీన్' అనే పేరుకు అర్థం. ఏఎమ్ గ్రీన్ కంపెనీ కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నులు ఇలా చేస్తామని 2024 ఆగస్టులో పెట్టుబడి ఖాయం చేసింది. ఇంకొకటి, సరిగ్గా మండించకపోతే నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, అవీ విషమే. కర్బనం లేనంత మాత్రాన కాలుష్యం లేనట్టు కాదు.

తమాషా ఏమిటంటే కాకినాడకు అమ్మోనియా కొత్త కాదు. యూరియా చెయ్యాలంటే ముందు అమ్మోనియా కావాల్సిందే. ఆ ఫ్యాక్టరీలో 1990ల నుంచీ అది తయారవుతూ వచ్చింది. ఎరువు అన్నప్పుడు అడగనివాళ్ళు ఇంధనం అనగానే అడుగుతున్నారు. అడగడం మంచిదే. సరుకులో పెద్ద భాగం పరదేశాలకు పంపేందుకే. పొగ తగ్గేది అక్కడ, ట్యాంకు ఉండేది మన ఊళ్ళో. 2021లో కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు బ్రిటన్, మెక్సికో ప్రజలను ఈ ఇంధనం గురించి ఏమనుకుంటున్నారని అడిగారు. వాకలపూడి మత్స్యకారులనూ అలా కూర్చోబెట్టి అడగాలి కదా.

మన ఢిల్లీలో అమ్మోనియా అంటే ఎవరికయినా గుర్తొచ్చేది యమునే. పైనుంచి మురుగు, ఫ్యాక్టరీ నీళ్ళు కలిసి అమ్మోనియా సుమారు 1 పీపీఎం దాటితే వజీరాబాద్, చంద్రావల్ ప్లాంట్లు శుద్ధి చెయ్యలేవు, సరఫరా తగ్గించేస్తారు. మన వైశాలికి గంగ నీళ్ళు కాబట్టి మనకా బాధ లేదు గానీ, ఢిల్లీలో ఉన్న చుట్టాలు ముందురోజే బకెట్లన్నీ నింపుకుంటారు. తిట్టుకుంటారు, కానీ బెదిరిపోరు. ఎందుకని? అంకె పేపర్లో వస్తుంది, నీళ్ళు రావని ముందే చెబుతారు, ఏం చెయ్యాలో వాళ్ళకు తెలుసు.

విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఏం జరిగింది? అది స్టైరీన్, అమ్మోనియా కాదు. 12 మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే రాసింది. మా బావమరిది భయం కెమిస్ట్రీ పుస్తకంలోంచి పుట్టలేదు, ఆ తెల్లవారుజాము నుంచి పుట్టింది. అతనికి కర్బనం లేదు, భూగోళం చల్లబడుతుంది అని పాంప్లెట్లు పంచితే ఏం లాభం?

పైన పోస్టుల్లో పనిచేసినవాళ్ళకు బుఖారీ తెలుసు. మూసిన బంకరులో అది రాజుకుంటూ ఉంటే నిద్రలోనే ప్రాణం పోతుంది. అయినా మనం దాని పక్కనే కూర్చున్నాం. పడుకునే ముందు ఆర్పారా లేదా అని చూడటానికి ఒక మనిషికి డ్యూటీ ఉండేది, ఆ మనిషి పేరు మనకు తెలుసు. ఎన్‌బీసీ డ్రిల్లులో మొదట నేర్పేది కూడా గాలి ఎటు వీస్తోందో చూడమనే.

ఫోన్‌లో అదే చెప్పాను. "ఇల్లు సంగతి తర్వాత. సైరన్ ఎక్కడుంది, ఊళ్ళోకి వినబడుతుందా, ఏడాదికెన్నిసార్లు ఊరివాళ్ళతో కలిసి డ్రిల్ చేస్తారు, లీకయితే ముందు ఫోన్ చేసేది ఎవరు, ఇవి నలుగురూ వెళ్ళి అడగండి. రాతపూర్వకంగా తీసుకోండి. వాసన వస్తే గాలికి అడ్డంగా పక్కకి నడవాలి, వాసన వెంట పరిగెత్తకూడదు. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోండి, అమ్మోనియా నీళ్ళలో కరుగుతుంది. కళ్ళు మండితే పావుగంట నీళ్ళతో కడగండి." మా ఆవిడ పక్కనుంచి "వాడికి ఆర్డర్లిస్తున్నారా, సలహా ఇస్తున్నారా" అంది.

ఇల్లు ఇంకా అమ్మలేదు. డాబా మీద వెదురుగడకు పాత చీరముక్క కట్టాడట, గాలి ఎటో తెలియడానికి. కొడుకు నవ్వాడట. ఆ అబ్బాయి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాడు. సైరన్ గురించి మొదటి ఇంటర్వ్యూలోనే అడగమన్నాను.

జై హింద్.