సంతకం ఆమెది

 

2022 ఆగస్టు 25న ఈ ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. వారం తిరగకముందే వారిలో నలుగురు మరణించారు. వారు ఏ మతస్థులన్నది మనకు ప్రశ్న కాదు. వారు పిల్లల తల్లులు, మన పొరుగువారు.

ఇటువంటి దుర్ఘటనలు మన ఇళ్ళలోని ఒక పాత వాదానికి బలం చేకూరుస్తాయి. మూడో సిజేరియన్ తర్వాత మరో కాన్పు ప్రాణాంతకమని డాక్టరు హెచ్చరిస్తారు. ఆపరేషన్ హరామ్ అని భర్త అంటాడు. రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్ అని అత్తగారు అంటారు. బిడ్డ బతికితే చాలని తల్లి ఏడుస్తుంది. మంచం మీద ఉన్న ఆమెను మాత్రం ఎవరూ అడగరు.

ఆసుపత్రి అంటే మనవారికి ఉన్న భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. ఎమర్జెన్సీలో, 1976 నవంబరులో, హర్యానాలోని ఉటావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి ముస్లిం పురుషులను బలవంతపు నస్‌బందీకి తీసుకుపోయారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేయగా 13 మంది మరణించారు. మూడేళ్ళలోగా ఈ శిబిరాల పద్ధతికి స్వస్తి పలకాలని 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ గడువు దాటిన తర్వాతే మన ఊరిలో ఆ నలుగురూ పోయారు. కనుక ప్రభుత్వాన్ని నిలదీయడం మన హక్కు.

అయితే ఆ భయాన్ని ధర్మంగా చూపడం సరికాదు. శాశ్వత శస్త్రచికిత్సను ఉలమాలలో అధికులు అనుమతించరు. కానీ ప్రాణాపాయం ఉన్నప్పుడు ‘జరూరత్’ సూత్రం వర్తిస్తుందని కూడా వారే చెబుతారు. తాత్కాలిక పద్ధతుల సంగతి వేరు. దైవప్రవక్త (సఅసం) కాలంలో సహచరులు ‘అజ్ల్’ పాటించేవారని హదీసులు తెలుపుతున్నాయి. హనఫీ ఫిఖ్‌హ్ దానికి భార్య అనుమతిని షరతుగా పెట్టింది. కాపర్-టి, మాత్రలు, అంతర ఇంజెక్షన్ నేడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా లభిస్తున్నాయి. ఈ తేడా తెలియకనే ఎన్నో ఇళ్ళలో తగవులు ముదురుతున్నాయి.

అబూ దావూద్ సంకలనంలో ఒక ఉదంతం ఉంది. ప్రయాణంలో తలకు గాయమైన వ్యక్తికి స్నానం విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీరు దొరుకుతుండగా వీలు లేదన్నారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) అతని చావుకు వారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవద్దా అని గద్దించారు. తెలియకుండా ఫత్వా చెప్పే ప్రతి ఇంటిపెద్దకూ ఆ మందలింపు వర్తిస్తుంది.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, స్పృహలో లేని కుమార్తె తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ రోగి వయోజనురాలు, ప్రాణాపాయ స్థితిలోనూ లేదు. అందువల్ల ఆమె మేల్కొనేదాకా ఆగి ఆమెనే అడగవలసిందని వివరించింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు భర్త సంతకం అవసరం లేదని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

మేము కోరేది మూడు మాటలు. కాన్పు నొప్పుల వేళ వాదించుకోవద్దు, నెలలు నిండకముందే డాక్టరును కలవండి. డాక్టరు అభిప్రాయాన్ని కాగితం మీద రాయించుకుని ముఫ్తీ సాహెబ్‌కు చూపించండి, ఎందుకంటే వ్యాధి తీవ్రత తెలియనిదే ఆయన మాత్రం ఏం చెప్పగలరు? అన్నింటికన్నా ముందు, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి ఆమె మనసులో ఏముందో అడగండి. ఆమె వద్దన్నా, కావాలన్నా ఆ మాటకు అండగా నిలబడండి. ఆసుపత్రి ఒత్తిడి చేసినా, ఇల్లు ఒత్తిడి చేసినా అన్యాయం అన్యాయమే.

ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. దానిని కాపాడే వివేకాన్ని ఆయన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.