రంగు కింది పనికి కూలేది?

(యూసుఫ్‌గూడలో ఇండ్లకు రంగులేసే పనోళ్ళు, ఊళ్ళ నుంచి వచ్చిన సంఘం కార్యకర్తలు కూడిన సభలో చెప్పిన మాటల పాఠం)

పొద్దంతా పనిచేసి, చేతుల మీది లప్పం మరకలు పోకముందే ఇక్కడికొచ్చి కూసున్న మీ అందరికీ జై భీం! ఊళ్ళ నుంచి వచ్చిన కార్యకర్తలకు జై భీం!

ఈ రోజు మనం మాట్లాడుకునేది రంగు గురించి కాదు. రంగు కింద ఉండే పని గురించి. ఇల్లు చూడవచ్చినోళ్ళు గోడను చూసి ఎంత మంచి రంగు అంటరు. ఎంత మంచి రుద్దుడు అని ఎవరన్నా అంటరా? అనరు. కనిపించేదానికే పేరు, కనిపించేదానికే లెక్క, కనిపించేదానికే పైసలు. కనిపించకుండ పోయే పని మనది. గోడకైనా, ఊరికైనా ఈ దేశంలో ఇదే పద్ధతి.

మన యూసుఫ్‌గూడ ఎక్కడున్నదో చూడుండ్రి. పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. కింద మన బస్తీలు, కృష్ణానగర్. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగ ఇటు కదిలింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచినంక ఆ కదలిక ఇంకా జోరందుకున్నది. హీరోలు, నిర్మాతలు బండల మీద బంగళాలు కట్టుకున్నరు. లైట్లు మోసేటోళ్ళు, వేషాలేసేటోళ్ళు, సెట్లకు, ఇండ్లకు రంగులేసేటోళ్ళు కింద కిరాయి గదుల్లో ఉన్నరు. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, ఇంకా ఎన్నో జిల్లాల నుంచి మనోళ్ళు వస్తనే ఉన్నరు. చేనుకు నీళ్ళు లేని ఎండకాలంలోనే పట్నంలో పెండ్లిండ్ల కోసం ఇండ్లకు రంగులేయిస్తరు. మన ఊరి కరువు, వాళ్ళింటి శుభకార్యం ఒకే నెలలో వస్తయి.

ఇక్కడ మనం రెండు తీర్ల గోడలకు రంగేస్తం. ఒకటి సెట్టు గోడ. ప్లైవుడ్డు మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, దాని మీద రంగు. షూటింగు ఉన్నన్ని రోజులు నిలబడితే చాలు, తర్వాత కూలగొడతరు. కెమెరాకు గోడ లోపల ఏమున్నదో అక్కర లేదు. రెండోది ఇంటి గోడ. అది ఏండ్లకేండ్లు నిలబడాలె. కానీ చాలామంది గుత్తేదార్లు ఇంటి గోడను కూడా సెట్టు గోడ లెక్కనే చేయమంటరు. పైన మెరిస్తే చాలు, బిల్లు తీసుకుని పోదాం అంటరు. ఏడాదికి గోడ పొక్కులొస్తే ఓనరు ఎవరిని తిడతడు? గుత్తేదారునా? కాదు. "ఆ పనోళ్ళకు పని రాదు" అంటడు.

పని మనకు రాదా? మనకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఈ మాట గట్టిగా చెప్పనీకే ఆ పని ఏందో ఈ సభలో వరుసగా చెప్పుకుందాం. కొత్తగా అడ్డాకొచ్చిన తమ్ముళ్ళు కూడా వినాలె.

మనది ఎండ గాలి. హైదరాబాదులో ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడతది. ఏప్రిల్, మే వచ్చిందంటే వేడి 40 డిగ్రీలు దాటుతది. ఈ ఎండ గాలి పనోని దోస్తు అనుకుంటరు, తొందరగా ఆరుతదని. అది సగమే నిజం. ఎండ గాలి మోసం చేస్తది. పైపొర గంటలో ఆరుతది, లోపల చెమ్మ అట్లనే ఉంటది. చెయ్యి పెట్టి చూసి ఆరిందనుకుని ఇంకో కోటు వేస్తే లోపలి చెమ్మ బయటికి రానీకే దారి వెతుక్కుంటది. అదే పొక్కు, అదే పెచ్చు.

అందుకే కొత్త ప్లాస్టరింగుకు వారం రోజులు నీళ్ళు కొట్టాలె. తర్వాత కనీసం 28 రోజులన్నా ఆరనియ్యాలె. అప్పుడే రంగు ముట్టాలె. అనుమానముంటే ఒక చిన్న పరీక్ష ఉన్నది. జానెడు పాలిథిన్ కాగితం గోడకు పెట్టి, నాలుగు దిక్కుల టేపు అంటించి రాత్రంతా ఉంచుండ్రి. తెల్లారి లోపలి దిక్కు నీటి చుక్కలుంటే గోడ ఇంకా తడిగున్నట్టు. దీనికి మిషను అక్కర లేదు, ఇంజనీరు అక్కర లేదు.

పాత గోడైతే ముందు అరచెయ్యితో రుద్ది చూడాలె. చేతికి తెల్లపిండి అంటితే అది పాత సున్నమో, డిస్టెంపరో. దాని మీద ఎంత ఖరీదైన రంగేసినా పొడి మీద పొడే. గీకి తీసెయ్యాల్సిందే. ఎండకాలం పొడి గోడను పొడిగనే గీకితే గదంతా పొగలెక్క దుమ్ము. అందుకే ముందు నీళ్ళు చల్లి నాననిచ్చి గీకుండ్రి. దుమ్ము తగ్గుతది, చెయ్యి నొప్పి తగ్గుతది. తెల్లగ ఉప్పు పేరిన చోట మాత్రం నీళ్ళతో కడగొద్దు, ఉప్పు కరిగి మళ్ళా గోడలోకే పోతది. పొడి బ్రష్షుతో దులపాలె. ఆ ఉప్పు ఎక్కడిది? పక్కన బాత్రూం పైపు కారుతుందా, వెనుక బండ మీదికెళ్ళి వాననీళ్ళు దిగుతున్నయా? ఆ నీళ్ళు ఆపకుండ రంగేసుడంటే పుండు మీద పౌడరేసినట్టే.

పగుళ్ళను పైన పూసి దాచొద్దు. అంచులు కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, నింపి, ఆరనియ్యాలె. తెల్లసిమెంటు లప్పం పెడితే ముందు గోడకు నీళ్ళు కొట్టాలె. ఎందుకు? మన ఎండిన గోడ లప్పంలోని నీళ్ళను ఒక్కసారే గుంజుకుంటది. నీళ్ళు లేక సిమెంటు గట్టిపడదు. నాలుగు నెలలకు గోరుతో గీకితే రాలుతది. అక్రిలిక్ లప్పమైతే వేరు. దానికి తడి వద్దు, ముందు ప్రైమరు కావాలె. ఏ లప్పానికి ఏ పద్ధతో తెలియక కలగాపులగం చేస్తే రెండూ చెడతయి. ఎండకాలం లప్పం కొంచెం కొంచెమే కలుపుకోవాలె. గట్టిపడ్డదానికి మళ్ళా నీళ్ళు పోసి వాడొద్దు, అందులో పట్టు చచ్చిపోయి ఉంటది. రెండు పలుచని కోట్లు పెట్టాలె, ఒక్క మందపు కోటు కాదు. తర్వాత ఉప్పు కాగితంతో రుద్దుడు, దుమ్ము తుడుసుడు, ప్రైమరు. ఇవన్నీ అయినంకనే రంగు.

రంగేసేటప్పుడు కూడా ఎండను చూసి నడవాలె. పొద్దుగాల పడమటి దిక్కు గదులు, మధ్యాహ్నం దాటినంక తూర్పు దిక్కు గదులు. గోడ కాలుతుంటే రంగు రోలరు కిందనే ఆరి అతుకులు కనిపిస్తయి. తడి అంచు ఆరకముందే పక్క వరుస కలుపుకుంటూ పోవాలె. అందుకే నీళ్ళ రంగు వేసేటప్పుడు ఫ్యాను బంద్, వడగాలి వచ్చే దిక్కు కిటికీ బంద్. ఎనామిలుకు మాత్రం కిటికీలు తెరిచే ఉండాలె, ఆ వాసన పీల్చుడు ప్రమాదం.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక గదికి నాలుగు రోజుల పని ఉంటే మూడు రోజులు గీకుడు, నింపుడు, లప్పం, రుద్దుడు. రంగు ఒక్క రోజు. ఇది మనకందరికీ అనుభవమే. కానీ గుత్త ఎట్ల మాట్లాడతరు? చదరపు అడుగుకు ఇంత, రెండు కోట్ల రంగు అని. మూడు రోజుల పని ఒక్క రోజు పనిలో కలిసిపోయింది! గుత్తేదారు ఓనరు దగ్గర లప్పం రెండు కోట్లకని తీసుకుంటడు, మనకు ఒక్క కోటుకే టైమిస్తడు. ఆరే రోజుకు కూలి లేదంటడు. కూలి లేకపోతే మనోడు ఏం చేస్తడు? ఆరకముందే రెండో కోటు వేస్తడు. గోడ చెడుతది. అంటే గోడను చెడగొట్టింది మన చెయ్యి కాదు, ఆ లెక్క.

ఇక మన పానం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1989లోనే పెయింటరు పనిని క్యాన్సర్ తెచ్చే పనుల్లో మొదటి వర్గంలో పెట్టింది. ఇండ్ల లోపలి రంగుల్లో తెల్లసీసం వాడొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒప్పందం రాసింది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించొద్దనే నియమాలు ఎప్పుడొచ్చినయి? 2016లో. అమలైంది 2017 నవంబరు 1 నుంచి. 1921కి 2016కి మధ్య 95 ఏండ్లు! ఆ 95 ఏండ్లు ఎవరు పీల్చిండ్రు? మన తాతలు, మన నాయినలు. పాత బంగళాల తలుపుల మీద, కిటికీల మీద ఆ ఎనామిలు పొరలు ఇంకా ఉండొచ్చు. వాటిని పొడిగ రుద్దొద్దు, మంటతో కాల్చొద్దు. తడిపి గీకాలె. ఆ బట్టలతోనే ఇంటికిపోయి బిడ్డను ఎత్తుకోవద్దు. సీసం చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తది. పని బట్టలు వేరే ఉతకాలె. దుమ్ముకు మూతికి కట్టుకున్న దస్తీ చాలదు, ఎన్-95 మాస్కు కావాలె. అది గుత్తేదారు కొనాలె. సిమెంటు లప్పం కంట్ల పడితే నలపొద్దు, వెంటనే పావుగంట సేపు మంచినీళ్ళతో కడిగి దవాఖానకు పోవాలె.

నీళ్ళంటే ఇంకో మాట యాదికొస్తది. ఫ్యాను బంద్, కిటికీ బంద్, బయట 40 డిగ్రీలు. అట్లాంటి గదిలో పనిచేసే మనిషికి గంటకోసారి నీళ్ళు కావాలె. మనం దేవుని గదికి రంగేస్తం, పడకగదికి రంగేస్తం, వంటగదికి రంగేస్తం. ఆ ఇంట్ల మన చెయ్యి తగలని అంగుళం లేదు. కానీ దాహమైతే కొన్ని ఇండ్లల్ల తోట పైపు చూపిస్తరు. గ్లాసు వేరే పెడతరు. మనం రంగేసిన దేవుని గదిని పసుపునీళ్ళతో శుద్ధి చేయించినోళ్ళున్నరు. మన చెయ్యి పనికొస్తది, మన మూతి పనికిరాదా? 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చెరువు నీళ్ళు దోసిట్ల పట్టి తాగింది ఎందుకు? నీళ్ళు రుచి చూడనీకేనా? మనిషినని చెప్పనీకే! అదే మాట ఈ రోజు బంగళాలలో చెప్పాలె. పని ఒప్పుకునేటప్పుడే తాగే నీళ్ళు, మరుగుదొడ్డి సంగతి మాట్లాడుకోవాలె. మొదటి గీకుడుకన్నా ముందు!

అక్కల సంగతి మర్చిపోతే ఈ సభకు అర్థం లేదు. ఊర్ల గోడకు సుద్ద పూసింది ఎవరు? జాజు అలికింది ఎవరు? ఆడోళ్ళే. గోడ గుణం మన అవ్వలకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పట్నం వచ్చేసరికి బ్రష్షు మొగోని చేతికి, ఉప్పు కాగితం, చీపురు ఆడదాని చేతికి. దుమ్మంతా ఆమెకు, మేస్త్రీ పేరు ఆయనకు. కూలి తక్కువ, పేరు హెల్పరు. పైకులపోడు మనను కింద పెట్టిండని కొట్లాడే మనం, మన ఆడోళ్ళను ఇంకా కింద పెడితే అది ఏ న్యాయం? అక్కలకు లప్పం పట్టీ ఇయ్యాలె, రోలరు ఇయ్యాలె, సమాన కూలి ఇయ్యాలె.

ఇదంతా అడిగితే ఇస్తరా అంటరు. ఒక్కనివి అడిగితే ఇయ్యరు. అడ్డా మీద ఇంకో పదిమంది ఉన్నరంటరు. మన పక్కనే చూడుండ్రి. 2025 ఆగస్టులో సినిమా కార్మికులు 30 శాతం పెంపు అడిగి షూటింగులు ఆపిండ్రు. మూడేండ్లల్ల విడతలుగా 22.5 శాతం దగ్గర ఒప్పందమైంది. అడిగినంత రాలేదు. కానీ వచ్చిందెట్ల? అన్ని విభాగాలోళ్ళు ఒక్కటై పని ఆపితే వచ్చింది. సెట్టుకు రంగేసేటోనికి యూనియను ఉన్నది. ఇంటికి రంగేసేటోనికి అడ్డా ఉన్నది, అంతే. ఆ అడ్డానే యూనియను చేసుకోవాలె. అడ్డా మీద మాల, మాదిగ, ముస్లిం, బీసీ, బీహారు తమ్ముడు, ఒడిశా తమ్ముడు అందరూ ఉన్నరు. వాళ్ళను విడదీసి కూలి తగ్గించుడు గుత్తేదారు పని. కలుపుడు మన పని.

చట్టం కూడా ఉన్నది. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. మరమ్మతు పని కూడా దాని కిందికే వచ్చింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకొచ్చి, ఆ చట్టం వాటిల్ల కలిసింది. కానీ వయసు 18 నుంచి 60 మధ్య ఉండి, వెనుకటి 12 నెలల్లో 90 రోజులు పనిచేసినోళ్ళు నమోదు చేసుకోవచ్చుననే నిబంధన పోలేదు. 90 రోజులు ఎట్ల చూపిస్తం? నోరుతో చెప్తే నడవదు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోవాలె. తారీకు, ఇల్లు ఎక్కడ, ఏం పని, ఎంత కూలి, ఎంత బాకీ. రాయరానోళ్ళకు రాయొచ్చినోళ్ళు రాయాలె. ఊళ్ళకు పోయే కార్యకర్తలు ఈ సంగతి పట్నం బండెక్కే ప్రతి తమ్మునికి ముందే చెప్పాలె.

అందుకే ఈ సభ నుంచి ఐదు మాటలు తీసుకుని పోదాం. ఒకటి, గీకుడు, పగుళ్ళు, లప్పం, రుద్దుడు, ప్రైమరు, రంగు దేనికది వేరే రేటు కాగితం మీద రాయించాలె. రెండు, ఆరే రోజుకు సగం కూలన్నా ఇయ్యాలె, లేకపోతే ఆ రోజు ఇంకో గదిలో పని చూపాలె. మూడు, మాస్కు, గట్టి నిచ్చెన, తాగే నీళ్ళు లేనిదే పని మొదలుపెట్టొద్దు. నాలుగు, అక్కలకు సమాన కూలి. ఐదు, ఈ నాలుగింటికి ఒప్పుకోని గుత్తేదారు దగ్గరికి అడ్డా నుంచి ఒక్కడు కూడా పోవద్దు.

మంచి గోడంటే పైన మెరిసేది కాదు, లోపల గట్టిగున్నది. మంచి సంఘం కూడా అంతే. జెండాలు, మైకులు పైకోటు. ఒక్కొక్క బస్తీలో, ఒక్కొక్క ఊర్లో కూసుండి మాట్లాడుకునుడు, లెక్క రాసుకునుడు, ఒకనికి కష్టమొస్తే పదిమంది పోవుడు, ఇదీ కింది పని. ఆ కింది పని మనకు చేతనవును. రోజూ చేస్తున్నదే! ఇగ మన కోసం కూడా చేద్దాం.

జై భీం!