సముద్రం అడుగున కెమెరా – నా సంజాయిషీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అంటే దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినదని తీర్పు చెప్పింది. ఆ విషయం మీద మాట్లాడడానికి నాకంటె తెలిసినవారు వేదిక మీద ఉన్నారు. మన కార్యదర్శిగారు నాతో, "డి.ఏ. బకాయిల సంగతి మేము చూసుకుంటాం, మీరు ఇంకేదైనా చెప్పండి" అన్నారు. అందుకని సముద్రం అడుగున కెమెరా మొరాయిస్తే ఏం చేయాలో చెబుతాను. నవ్వకండి. నాకు ఈత రాదు. 35 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అయినా ఈ విషయంలో నాకు కొంత అధికారం ఉంది. ఎందుకంటే ఆ కెమెరా మొరాయించడానికి కారణం నేనే.

మా పెద్దమ్మాయి కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగే స్కూబా డైవింగ్ నేర్చుకుని, సర్టిఫికెట్టు పుచ్చుకుంది. 2023 జనవరిలో నన్నూ, వాళ్ళ అమ్మమ్మనూ అండమాన్ తీసుకువెళ్ళింది. పోర్ట్ బ్లెయిర్ వరకు విమానం, అక్కడినుంచి స్వరాజ్ ద్వీప్‌కు ఓడ. 2018 డిసెంబరు వరకు ఆ ద్వీపాన్ని హావ్‌లాక్ అనేవారు. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. ఆ దీవులలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. మా పడవ సరంగు కూడా తెలుగువాడే. వాళ్ళ తాత శ్రీకాకుళం జిల్లానుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డాడట.

మా మనవరాలి దగ్గర చేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరా ఉంది. దాన్ని తడవకుండా ఉంచే దళసరి ప్లాస్టిక్ పెట్టెను హౌసింగ్ అంటారు. హౌసింగ్ అంటే మనకు తెలిసింది ఇల్లు కట్టుకోవడానికి పెట్టుకునే అడ్వాన్సు దరఖాస్తే కదా! ఈ హౌసింగ్‌కు ఒక తలుపు, దాని చుట్టూ ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ లాంటి రబ్బరు రింగు ఉంటాయి. ఆ రింగును ఓ-రింగ్ అంటారు. కెమెరాకున్న ప్రతి బొత్తానికీ ఎదురుగా పెట్టెకు ఒక బొత్తాం, దానికో చిన్న స్ప్రింగు ఉంటాయి. పైనుంచి నొక్కితే లోపలి బొత్తాం నొక్కుకుంటుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కు నెడుతుంది.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఆ బరువంతా తలుపు మీదా, రింగు మీదా, బొత్తాల మీదా పడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథ తేలికగా అర్థమవుతుంది.

మొదటిరోజు ఉదయం ఆ పెట్టెకు కాపలా బాధ్యత నాకు అప్పగించారు. పడవలో బల్ల మీద, మంచి ఎండలో పెట్టి, గంటసేపు కళ్ళార్పకుండా చూసుకున్నాను. అమ్మాయి నీళ్ళలోకి దిగిన పది నిమిషాలకు పెట్టె అద్దం లోపలివైపు మసకబారింది. ఫోటోలన్నీ వంటింటి పొగలో తీసినట్టు వచ్చాయి. పెట్టెలో చిక్కుకున్న తేమగాలి ఎండకు వేడెక్కింది, బయట నీరు తగిలి అద్దం చల్లబడింది. చల్లటి చెంబు మీద చెమట పట్టినట్టే ఇదీను.

తరువాత ఆమె అద్దం తుడిచి, మందు సీసాలలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెట్టి, పెట్టెను నీడలో తడిగుడ్డ కింద ఉంచింది. రెండోసారి దిగినప్పుడు మసక లేదు. కాని ఫోటోల నిండా తెల్లటి చుక్కలు. ఇది పెట్టె జబ్బు కాదు. నీళ్ళలో తేలే నలుసుల మీద ఫ్లాషు వెలుగు పడి, తిరిగి లెన్సులోకి వస్తుంది. పొగమంచులో కారు పెద్దలైట్లు వేస్తే రోడ్డుకు బదులు తెల్లగోడ కనిపించినట్టు. ఫ్లాషు ఆపితే మరో చిక్కు. నీరు అన్నిటికంటె ముందు ఎరుపు రంగును మింగేస్తుంది. పది మీటర్ల లోతుకు వెళ్ళేసరికి ఎర్రని వస్తువు బూడిదరంగులోకి దిగిపోతుంది. అందుకని వీలైనంత దగ్గరగా వెళ్ళి తీయాలి. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ అనే రంగుల లెక్కను ఆ లోతులోనే సరిచేసుకోవాలి.

ఇక నా ఘనకార్యం. ఆ మధ్యాహ్నం గదికి వచ్చాక అమ్మాయి ఆ పెట్టెను కెమెరాతో సహా బకెట్టు మంచినీళ్ళలో ముంచి స్నానానికి వెళ్ళింది. నేను చూసి హడలిపోయాను. అంత ఖరీదైన వస్తువును బకెట్టులో పడేస్తారా అనుకుని వెంటనే తీశాను. తలుపు తెరిచి, రింగుతో సహా నా ఎర్రగళ్ళ తువ్వాలుతో శుభ్రంగా తుడిచాను. వడియాలు ఎండబెట్టినట్టు పెట్టెను వసారాలో ఎండబెట్టాను. సాయంత్రం అది తళతళలాడుతుంటే అమ్మాయి చూసి, "అబ్బ, తాతయ్యా! ఎంత బాగా తుడిచావు" అంది. నేను పొంగిపోయాను. ఎవరినీ అడగకుండా చేసిన పనికి మెప్పు దొరికితే మనకు అంతకంటె ఏం కావాలి!

మర్నాడు ఉదయం నలుగురు కలిసి దిగారు. వెంట ఒక గైడు ఉన్నాడు. కొంతసేపటికి గైడూ, ముగ్గురూ పైకి వచ్చారు. మా అమ్మాయి రాలేదు. గైడు నీళ్ళలోంచే సరంగుతో ఏదో మాట్లాడాడు. నాకు కాళ్ళలో సత్తువ పోయింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, ఒక్క మాటా మాట్లాడలేదు. వయసులో ఉన్న పిల్లను నీళ్ళలోకి పంపి, ముసలివాళ్ళం ఇద్దరం పడవలో కూర్చున్నాం. ఇంటికి ఏమని ఫోను చేయాలి?

సరంగు వంగి చూసి నీళ్ళవైపు వేలు చూపించాడు. "భయపడకండి తాతగారూ, అదిగో బుడగలొస్తన్నాయి. బుడగలొస్తన్నాయంటే ఊపిరి తీస్తంది" అన్నాడు. చూశాను. పడవకు కొంచెం అవతల గుప్పెడు గుప్పెడుగా బుడగలు వస్తున్నాయి. ఆగుతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. నా సర్వీసులో ఎన్నో కాగితాల కోసం ఎదురుచూశాను. ఆ బుడగల కోసం చూసినట్టు దేనికోసమూ చూడలేదు. నాలుగైదు నిమిషాలకు తల పైకి వచ్చింది.

జరిగింది ఇదీ. 16 మీటర్ల లోతులో ఫోటో తీసే బొత్తాం నొక్కితే లోపలికి వెళ్ళింది, తిరిగి రాలేదు. కెమెరా దేనికీ పలకలేదు. అమ్మాయి దాన్ని పీకుతూ, నొక్కుతూ, చూపంతా దానిమీదే పెట్టింది. తల ఎత్తేసరికి తోటివాళ్ళు లేరు. సిలిండరులో గాలి చూసుకుంటే తాననుకున్న దానికంటె బాగా తగ్గిపోయింది. అప్పుడు కెమెరాను వదిలేసింది. అది మణికట్టుకు తాడుతో వేలాడుతూ ఉంది. నేర్పిన పాఠం ప్రకారం ఒక్క నిమిషం చుట్టూ వెతికి, నెమ్మదిగా పైకి బయలుదేరింది. ఊపిరి బిగబట్టకూడదు, తొందరగా పైకి రాకూడదు. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా వచ్చి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగింది. ఒత్తిడిలో ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి ఆ ఆగడం. నేను పైన చచ్చి బతికిన ఆ మూడు నిమిషాలూ, కింద ఆమె ప్రాణానికి కాపుదల అన్నమాట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి నోటుబుక్కు తీసి, ఆఫీసులో రిజిస్టరు గీసినట్టు గళ్ళు గీశాను. ఏ విడత, ఏ లోతు, ఏం కనిపించింది, దానికి ముందు పెట్టెకు ఏం జరిగింది. తెల్లవారాక అమ్మాయి చేత ఒక్కొక్కటే చెప్పించి రాసుకున్నాను. రెండు సంగతులు కొత్తగా బయటపడ్డాయి. ఒకటి, 16 మీటర్ల దగ్గర బిగిసిన బొత్తాం, 5 మీటర్ల దగ్గర తనంతట తానే పైకి వచ్చింది. రెండు, నీళ్ళలోకి దిగిన కాసేపటికే, ఇంకా రెండు మూడు మీటర్ల లోతులో ఉండగానే, పెట్టె మూలలో రెండు నీటిచుక్కలు కనిపించాయి.

లోతులో బిగిసి, పైకి వచ్చాక వదిలిందంటే ఒత్తిడికీ స్ప్రింగుకూ మధ్య తగాదా. మామూలుగా స్ప్రింగే గెలుస్తుంది. కాని బొత్తాం సందులో ఎండిన ఉప్పూ, సన్నటి ఇసుకా చేరితే దానికి బలం చాలదు. ఆ ఉప్పు ఎందుకు చేరింది? మంచినీళ్ళలో నానవలసిన పెట్టెను నేను తీసి ఎండబెట్టాను కనుక.

ఇక నీటిచుక్కలు. లోతుకు పోయేకొద్దీ ఎక్కువ కారుతుందని మనం అనుకుంటాం. కాని లోతులో ఒత్తిడి తలుపును రింగు మీదికి ఇంకా గట్టిగా అదుముతుంది. రింగు మీద నలుసో, వెంట్రుకో ఉంటే, అదుము తక్కువగా ఉండే పైపై నీటిలోనే తరచుగా లోపలికి చెమ్మ వస్తుంది. అమ్మాయి రింగు బయటికి తీసింది. నా చత్వారం కళ్ళద్దాల కింద పెట్టి చూశాం. దానికి అంటుకుని ఒక ఎర్రటి నూలుపోగు ఉంది.

ఎర్రగళ్ళ తువ్వాలు ఎవరిదో నేను చెప్పనవసరం లేదు.

మిత్రులారా, రబ్బరు రింగును తక్కువగా చూడకండి. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక కూలి ఏడుగురు చనిపోయిన వార్త మీలో చాలామందికి గుర్తుంటుంది. చలికి గట్టిపడిన ఓ-రింగే దానికి మూలం. ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త విచారణ సంఘం ముందు, ఆ రబ్బరు ముక్కను మంచునీళ్ళ గ్లాసులో ముంచి చూపించారు. పెద్ద విచారణ, చిన్న గ్లాసు.

నేను సర్వీసులో ఉండగా సంజాయిషీ కోరుతూ ఎన్ని మెమోలు టైపు చేశానో లెక్కలేదు. ఆ రోజు నా సంజాయిషీ నేనే రాశాను. "బకెట్టులోంచి తీసినది, తువ్వాలుతో తుడిచినది, ఎండబెట్టినది నేనే. ఎవరినీ అడగలేదు. దురుద్దేశం లేదు. అయినా తప్పు నాది" అని సంతకం పెట్టి మనవరాలికి ఇచ్చాను. ఆమె చదివి, కింద తన మాట రాసింది. "పొద్దున తలుపు మూసింది నేను. మూసేముందు రింగు చూసుకోవలసింది నేను. లోతులో కెమెరాను పట్టుకుని కూర్చున్నదీ నేనే." చివర సంతకం పెట్టినవాడిదే బాధ్యత అని మన ఆఫీసుల్లో అంటాం. ఆ సూత్రం నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

తరువాత ఇద్దరం కలిసి చేసిన మరమ్మతు ఇది. మీ పిల్లలెవరైనా ఇటువంటి సరదా ఉన్నవారైతే చెప్పండి.

1. పెట్టెను గంటసేపు మంచినీళ్ళలో ఉంచి, నీళ్ళలోనే ప్రతి బొత్తాన్నీ ఇరవైసార్లు నొక్కి వదిలాం. ఉప్పు కరిగి బొత్తాలు తేలికపడ్డాయి.

2. రింగును సూదితోనో చాకుతోనో కాక వేళ్ళతోనే తీసి, కడిగి, పోగులు రాలని గుడ్డతో అద్ది, దాని గాడిని శుభ్రం చేశాం. పెట్టెతో వచ్చిన గ్రీజే, రింగు మెరిసేంత పలుచగా రాశాం. ఎక్కువ రాస్తే అదే నలుసులను పట్టుకుంటుంది.

3. కెమెరా లేకుండా, లోపల ఒక కాగితపు రుమాలు మాత్రం పెట్టి, ఖాళీ పెట్టెను మర్నాడు 12 మీటర్ల దాకా తీసుకువెళ్ళింది. రుమాలు పొడిగా తిరిగి వచ్చింది. ఆ తరువాతే కెమెరా పెట్టింది.

4. బ్యాటరీ నింపి, కొత్త సిలికా జెల్ వేసి, ఏసీ గదిలో పొడిగాలి ఉండగా తలుపు మూసింది. పడవలో పెట్టె నీడనే ఉంది. నేను దాని జోలికి పోలేదు.

5. నీళ్ళలో ఏ లోపం వచ్చినా వరుస ఒకటే: ముందు నీ గాలి, తరువాత నీ తోడు, ఆ తరువాతే కెమెరా. పెట్టెలోకి నీరు వస్తే, చేరిన నీరు కెమెరాకు తగలని వైపుకు వంచి పట్టుకుని, ఎప్పటిలాగే నెమ్మదిగా పైకి రావాలి. కెమెరా పోతే ఇంకొకటి దొరుకుతుంది.

తరువాత రెండు రోజులూ ఫోటోలు బాగా వచ్చాయి. రంగుచేపలు, పగడాలు, ఒక తాబేలు. అవన్నీ మా అమ్మాయి కంప్యూటరులో ఉన్నాయి. నేను అచ్చు వేయించి పటం కట్టించుకున్నది మాత్రం మూడో విడతలోది, ఒక్కటే. 5 మీటర్ల దగ్గర ఆగినప్పుడు బొత్తాం తనంతట తాను పైకి వచ్చిందని చెప్పాను కదా. పని చేస్తోందా అని ఆమె ఒక్కసారి పైకి పెట్టి నొక్కింది. అందులో నీలం నీరు, పడవ అడుగు, అంచు మీదినుంచి వంగి చూస్తున్న ఒక బట్టతల వంకరటింకరగా కనిపిస్తుంది. నేను పైనుంచి ఆమె బుడగలు చూస్తున్నప్పుడు, ఆమె కిందినుంచి నన్ను చూస్తోంది. ఆ సంగతి నాకు ఫోటో చూశాకే తెలిసింది.

మనం పిల్లలకు సాయం చేయాలనుకుంటాం. చేయాలి కూడా. కాని బకెట్టులో ఉన్నదాన్ని తీసేముందు, "ఇది ఇక్కడ ఎందుకుందమ్మా?" అని ఒక్క మాట అడుగుదాం. అడగడంవల్ల మన పెద్దరికం తగ్గదు.