తగ్గించిన స్వరము
(గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



పాటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును పిలిచితిరి. మాకు సంగీత శాస్త్రము రాదు. అందుచేత ఒక గాయకుని జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆయన పేరు జిమ్ రీవ్స్. మీలో పెద్దవారు ఆయన గొంతు ఎరుగుదురు. మన దేశములో అనేక క్రైస్తవ గృహములలో, ముఖ్యముగా క్రిస్మసు దినములలో, ఆయన రికార్డులును, తరువాత క్యాసెట్లును మ్రోగెను.

ఆయన 1923 ఆగస్టు 20న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో గాలోవే అను పల్లెలో పుట్టెను. ఏడాది నిండకమునుపే తండ్రి చనిపోయెను. తల్లి పొలము పనిచేసి పిల్లలను పెంచెను. యౌవనములో ఆయన ఆశ బేస్‌బాల్ ఆటమీద ఉండెను. చిన్న జట్లలో బంతి విసరువాడుగా ఆడుచుండగా కాలి నరము దెబ్బతిని ఆ దారి మూసుకొనెను. అప్పుడు రేడియోలో అనౌన్సరుగా చేరెను. 1953లో "మెక్సికన్ జో" అను హుషారైన పాటతో గాయకుడుగా పేరు వచ్చెను.

అంతవరకు ఆయన తక్కిన కంట్రీ గాయకులవలె గొంతెత్తి పాడువాడే. 1957లో "ఫోర్ వాల్స్" పాటను రికార్డు చేయునప్పుడు మైకునకు పెదవులు తగులునంత దగ్గరగా నిలిచి, ఒక్క మనిషితో మాటలాడినట్లు మెల్లగా పాడెను. రికార్డు కంపెనీలో కొందరు వద్దనిరి. నిర్మాత చెట్ అట్కిన్స్ ఆయన పక్షమున నిలిచెను. ఆ పాట కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానమునకు వెళ్లెను. 1960లో "హీ విల్ హావ్ టు గో" అను పాట 14 వారములు ఆ స్థానములోనే నిలిచెను.

ఆ మెత్తని స్వరముతోనే ఆయన భక్తి గీతములు పాడెను. 1962లో "వుయ్ థాంక్ దీ", 1963లో క్రిస్మసు పాటల రికార్డు వెలువడెను. ఆయన పాటలలో ఎక్కువ భాగము ప్రేమను, ఎడబాటును గూర్చినవే. ఆయనను పరిశుద్ధుడని మేము చెప్పుట లేదు. ఆయన పాడిన తీరునుండి మేము నేర్చుకొనిన సంగతి మాత్రము చెప్పుచున్నాము.

సెమినరీ నుండి వచ్చిన తొలి ఏండ్లలో మేము మైకు పట్టుకొని బిగ్గరగా ప్రసంగించెడివారము. స్వరము ఎంత పెరిగితే ఆత్మ అంత పనిచేయునని తలంచితిమి. ఒకనాడు గుడి ప్రక్క ఇంటిలో మంచముపట్టిన ఒక అవ్వను చూడబోతిమి. ఆమె, "అయ్యగారూ, ప్రతి ఆదివారం మైకులో మీ గొంతు వినబడుతుంది గాని మాటలు తెలియవు. ఇక్కడ కూర్చుని మెల్లగా ఒక పాట పాడండి" అనెను. పాడితిమి. రెండవ చరణములో ఆమె పెదవులు మాతో కదిలెను. ఇన్ని ఆదివారములు ఆమె గోడ అవతల ఆకలితోనే పండుకొన్నదని తెలిసి సిగ్గుపడితిమి.

1964 జూలై 31న జిమ్ రీవ్స్ తన పియానో వాద్యకారుడు డీన్ మాన్యుయెల్‌తో చిన్న విమానములో, తానే నడుపుకొనుచు, నాష్‌విల్‌కు తిరిగివచ్చుచుండెను. ఉరుముల వానలో విమానము కూలి ఇద్దరును మరణించిరి. రెండు దినములు వెదకినగాని శిథిలములు దొరకలేదు. ఆయన వయస్సు 40 సంవత్సరములు. మేము ఆ వయస్సు దాటితిమి. మనకు ఇంకెన్ని పాటలు మిగిలియున్నవో దేవునికే తెలియును. ఆయన భార్య మేరీ, ఆయన పాడి ఉంచిన పాటలను తరువాత ఏండ్ల తరబడి వెలువరించెను. 1967లో ఆయన పేరు కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చబడెను.

ప్రియులారా, హోరేబులో ఏలీయాకు దేవుడు గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను కాక, వాటి తరువాత వచ్చిన నెమ్మదియైన స్వరములో ప్రత్యక్షమాయెను. మైకులు లేని దినములలో మన పెద్దలు లాంతరు వెలుగున పాడి సంఘములను కట్టిరి. శతవార్షికోత్సవ సందర్భమున ఒకటే మనవి. మైకు సౌండు కొంచెము తగ్గించుడి, మాట తెలియనియ్యుడి. వారమునకు ఒకమారు గుడికి రాలేనివారి మంచము ప్రక్కకు వెళ్లి పాడుడి. అక్కడ మైకు అవసరముండదు.

ప్రభువు మన గాయకులను దీవించును గాక. ఆమేన్.